తిమ్మిరి నుంచి బావి దాకా

“రాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తే చేతిని ఏం చేస్తారు?” అని డాక్టరు అడిగితే చాలామంది నోటితో జవాబు చెప్పరు. చెయ్యెత్తి, నీళ్లు విదిలించుకున్నట్టు గాలిలో రెండుసార్లు విదిలిస్తారు. డాక్టరు పని సగం అక్కడే అయిపోతుంది.

మణికట్టు లోపల ఒక ఇరుకు సందు ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది కండర తాళ్లూ, వాటితోపాటు మీడియన్ అనే నరమూ ఆ సందులోంచే అరచేతిలోకి దిగుతాయి. సందులో ఏ కాస్త వాపు వచ్చినా ముందు నలిగేది మెత్తనిదైన నరమే. పగలు పని సందడిలో తెలియదు. రాత్రి మణికట్టు మడతపెట్టి పడుకుంటే బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారతాయి, చీమలు పాకుతాయి. విదిలిస్తే సర్దుకుంటాయి. రోగి తనకు తెలియకుండానే చేసే ఈ పనిని కెనడా న్యూరాలజిస్టు ప్రైస్ ఫిలిప్స్ ఒక రోగలక్షణంగా తూచి చూసి 1984లో పత్రం రాశాడు. యంత్రం లేదు, సూది లేదు. మనిషిని చూడటమే పరీక్ష.

నరం నొక్కుకుపోవడాన్ని కనిపెట్టే విద్యలో ఇలాంటి పనితనం చాలా ఉంది. దెబ్బతిన్న నరం మీద వేలితో తడితే, ఆ నరం ఎంతవరకు పాకుతుందో అంతవరకూ జిల్లుమంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ సైనికుల దగ్గర ఈ సంగతిని 1915లో ఫ్రాన్సు వైద్యుడు జూల్ టినెల్ గమనించాడు. అదే ఏడాది శత్రుశిబిరంలో జర్మన్ వైద్యుడు పాల్ హాఫ్‌మన్ కూడా గమనించాడు. అమెరికా సర్జన్ జార్జ్ ఫేలన్ 1966లో ఈ మణికట్టు జబ్బులో తన పదిహేడేళ్ల అనుభవాన్ని ఒక వ్యాసంగా రాస్తూ, శీర్షికలోనే 654 చేతులు అని లెక్క చెప్పాడు. ఇంతమంది రోగులు అనలేదు, ఇన్ని చేతులు అన్నాడు. ఒకే మనిషి కుడిచెయ్యి ఒక కథ, ఎడమచెయ్యి మరో కథ చెప్పవచ్చునని ఎరిగినవాడి లెక్క అది.

అయితే ఈ విద్యలో జాగ్రత్త నేర్పిన పరిశోధన స్వీడన్‌ది. దక్షిణ స్వీడన్‌లో మామూలు జనంలోంచి 3,000 మందిని ఎంచుకుని అట్రోషి బృందం 1999లో ఫలితాలు ప్రకటించింది. జవాబిచ్చిన వాళ్లలో 14 శాతం మంది చేతిలో తిమ్మిరో నొప్పో ఉందన్నారు. వైద్యుడు చూసి, నరంలో విద్యుత్తు వేగం కొలిచి, రెండూ కలిస్తేనే రోగమని లెక్కిస్తే అది మూడు శాతానికి లోపే తేలింది. అసలు పాఠం దాని తర్వాత ఉంది. ఏ బాధా లేదన్నవాళ్లకు అదే యంత్రం పెట్టి చూస్తే, వాళ్లలోనూ దాదాపు అయిదో వంతు మందికి నరం మందగించినట్టు కనిపించింది. యంత్రం మందగింపును చూపిస్తుంది. అది ఈ మనిషికి రోగమా కాదా అని చెప్పాల్సింది వైద్యుడే.

మంచి వైద్యుడు ఇక్కడ మూడు ప్రశ్నలు వేసుకుంటాడు. ఎక్కడ నొక్కుతోంది? ఏది నొక్కుతోంది? అది అక్కడికి ఎలా వచ్చింది? మొదటిదానికి చేతివేళ్లూ చిన్న సుత్తీ చాలు. రెండోదానికి బొమ్మ కావాలి, అంటే ఎక్స్‌రేనో స్కానో. మూడోదానికి ఆసుపత్రి గేటు దాటి బయటికి నడవాలి. ఈ మూడో ప్రశ్నను కడదాకా వెంటాడిన పరిశోధన ఒకటి మన తెలుగు నేల మీదే జరిగింది. దాదాపు తొంభై ఏళ్ల నాటి ఆ పనిని ఇప్పుడు చదివినా, పనివాడి చేతి నునుపు తగులుతుంది.

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే నీటికి కొదవ కనిపించదు. 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట కట్టారు. 1957లో బ్యారేజీ వచ్చింది. దిగువన కాలవలు, చెరువులు, మాగాణి. కానీ కాలవ నీళ్లు అందని మెట్ట ఎంతో దూరంలో లేదు. ఒంగోలు వైపు వెళ్లి పడమటికి తిరిగితే దర్శి, పొదిలి, కనిగిరి. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డప్పుడు అందులోకి వచ్చాయి. అక్కడ తాగునీరంటే బావినీరే. ఆ ఊళ్లలో గారపళ్లు మామూలు సంగతి. నడుం పట్టేయడం, మెడ తిరక్కపోవడం వయసు మీదపడ్డ లక్షణంగానే చెల్లిపోయేవి. ముందుగా గమనించింది రైతులని ఈ రోగ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అరకకు కట్టిన ఎడ్లు కీళ్లు బిగుసుకుని నడవలేకపోయేవట. మనుషుల రోగం వైద్యుల కంటికి ఆనింది ఆ తర్వాతే.

1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి, అంటే నీళ్లలోని ఫ్లోరైడ్ తెచ్చే రోగం గురించి, ఒక వ్యాసం వచ్చింది. రాసినవారు నలుగురు: షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్. ఈ నలుగురి కూర్పు చూడండి. షార్ట్ గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న ప్రయోగశాల మనిషి. తర్వాత 1948లో శాస్త్రవేత్త గార్నమ్‌తో కలిసి, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాక్కునే దశను పట్టుకున్నది ఈయనే. మెక్‌రాబర్ట్ రోగిని పరీక్షించే ఫిజీషియన్. బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. 1934లో మద్రాసులో తెరిచిన రేడియాలజీ సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆ 1937లోనే షార్ట్ మరో ఇద్దరితో కలిసి నెల్లూరు జిల్లా గురించే ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఇంకో వ్యాసం రాశాడు. ఆ ఇద్దరు పండిట్, రాఘవాచారి. పండిట్ తర్వాత భారత వైద్య పరిశోధన మండలికి తొలి డైరెక్టరయ్యాడు. మనిషినీ, బొమ్మనూ, ప్రయోగశాలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టిన పని ఇది. ఏ ఒక్కరు విడిగా చూసినా ఇది కీళ్లవాతమో, ఎముకల క్షయో అయి ఫైల్లో పడిపోయేది.

ఈ వ్యాసాల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది రోగాన్ని వర్ణించిన క్రమం. ఒకనాడు ఆసుపత్రికి వచ్చిన రోగి లక్షణాలు ఇవీ అని జాబితా రాసి వదల్లేదు. ఒక జీవితంలో రోగం ఎలా నడుస్తుందో వరసగా చెప్పారు. ముప్పై ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. తొలి సూచన తిమ్మిరి. కాళ్లూ చేతుల్లో, ఒక్కోసారి ఒళ్లంతా వచ్చిపోతుంటుంది. తర్వాత నడుములో నొప్పీ బిగువూ. ఆ బిగువు వీపు మీదుగా మెడకు ఎక్కుతుంది. చివరికి వెన్నంతా అతుక్కుపోయి ఒకే ఎముక స్తంభంలా అవుతుంది. పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. పక్కటెముకలు కదలక ఊపిరి పొట్టతో తీయాల్సి వస్తుంది. ఇంకా ముదిరితే మలమూత్రాల మీద అదుపు తప్పి మంచం పడతాడు. మరేదో జబ్బు తోడై ప్రాణం తీస్తుంది. అంతదాకా తెలివి మాత్రం చెక్కు చెదరదు.

ఈ ఆఖరి పరిశీలన చిన్నదే అయినా విలువ తెలిసినవాడు రాసింది. రోగం మెదడు జోలికి పోలేదు. ఒళ్లు కట్టెగా మారుతున్నా లోపలి మనిషి అంతా గమనిస్తూనే ఉన్నాడు. వైద్యపరంగా అది ఒక ఆధారం. అంతకుమించి అది రోగి పట్ల మర్యాద.

కాలం కూడా కలిసొచ్చింది. నీళ్లలోని ఫ్లోరైడ్‌కూ మచ్చల పళ్లకూ సంబంధం ఉందని 1931లోనే అమెరికాలో రెండుచోట్లా ఉత్తరాఫ్రికాలో ఒకచోటా వేర్వేరుగా తేల్చారు. 1932లో కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ ఖనిజం పొడిచేసే కార్మికుల ఎముకలు అసాధారణంగా గట్టిపడ్డాయని ఇద్దరు వైద్యులు ఎక్స్‌రేల్లో చూశారు. అదే విషయం మీద డెన్మార్కు వైద్యుడు రోహోల్మ్ పెద్ద గ్రంథం రాసిందీ 1937లోనే. అక్కడ ఫ్యాక్టరీ దుమ్ము, ఇక్కడ బావినీరు. పీల్చినా తాగినా చేరేది ఎముకలోకే. ఆ ఎక్స్‌రేనూ ఈ ఎక్స్‌రేనూ మనసులో పక్కపక్కన పెట్టుకోగలిగినవాడికే దర్శి రైతు వెన్ను అర్థమవుతుంది.

ఎక్స్‌రేలో ఏం కనబడుతుంది? ఫ్లోరైడ్ చేరిన ఎముక దట్టమై సుద్దలా తెల్లగా కనిపిస్తుంది. ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీలు, అంటే లిగమెంట్లు, తామూ ఎముకగా మారతాయి. అన్నిటికన్నా చక్కని గుర్తు వెన్నులో ఉండదు, ముంజేతిలో ఉంటుంది. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య ఒక పలచని పొర ఉంది. మామూలు ఎక్స్‌రేలో అది కనిపించనే కనిపించదు. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లలో ఆ పొరలోకి ఎముక మొలుస్తుంది. అంచు వెంట రంపం పళ్లలా, ముళ్లలా తెల్లగా తేలుతుంది. వెన్ను ఇలా అతుక్కుపోయే జబ్బులు వేరే ఉన్నాయి. ముంజేతిలో ముళ్లు కూడా కనిపించాయంటే అనుమానం నీళ్ల మీదికి పోతుంది. వంగలేని మనిషిని బల్ల మీద పడుకోబెట్టే అవస్థ కూడా లేదు, చెయ్యి చాపితే చాలు. వెన్ను రోగాన్ని ముంజేతిలో చదవడం కన్నా పొదుపైన పనితనం ఏముంటుంది?

దర్శి తర్వాత నల్లగొండ. హైదరాబాదుకు చెందిన సిద్దీఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను వివరించాడు. 1962లో రావుతో కలిసి చెవి నరం సంగతీ చూశాడు. ఆ నరమూ ఎముకలోని సన్నటి గొట్టంలోంచే నడుస్తుంది మరి. పంజాబులో సింగ్, జాలీ 1961లో ఇదే రోగంలో వెన్నుపాము, నరాల మొదళ్లు దెబ్బతినే తీరును విడిగా వర్ణించారు.

వైద్యులు గట్టిగా తడుముకోవాల్సిన ప్రశ్న ఇక్కడే వచ్చింది. ఫ్లోరైడ్ విషం కదా. కాళ్లు పడిపోయిన ఈ మనుషుల్లో నరాలను చంపుతున్నది నేరుగా ఆ విషమేనా? లేక విషం ఎముకను పెంచితే, పెరిగిన ఎముక నరాన్ని నలుపుతోందా? పైకి రెండూ ఒకటే, తిమ్మిరీ నీరసమూను. వైద్యానికి మాత్రం రెండూ వేర్వేరు దార్లు.

తేడా పట్టుకునే తీరు నరాల పరీక్షలోని అందమంతా చూపిస్తుంది. నరాలకు నేరుగా విషం ఎక్కితే మామూలుగా పొడవాటి నరాలు ముందు దెబ్బతింటాయి. పాదాల వేళ్లలో మొదలై రెండువైపులా సమానంగా మేజోళ్లు తొడిగినట్టు పైకి పాకుతుంది. సుత్తితో కొడితే మడమ స్పందించదు. వెన్నుపాము నొక్కుకుపోతే కథ వేరు, ఒంటి మీద ఒక సరిహద్దు గీత ఉంటుంది. గుండుసూదితో పొట్ట మీదుగా పైకి పొడుచుకుంటూ వస్తే, ఒకచోట “ఇప్పుడు గుచ్చుకుంది” అంటాడు రోగి. ఆ గీతకు పైన అంతా మామూలే. కింద కాళ్లు కర్రల్లా బిగుస్తాయి, మోకాలి మీద తడితే కాలు ఎగిరిపడుతుంది. అరికాలి అంచు వెంట గీస్తే బొటనవేలు కిందికి ముడుచుకోవాల్సింది పోయి పైకి లేస్తుంది. 1896లో బాబిన్‌స్కీ చెప్పిన ఆ ఒక్క గుర్తు చాలు, చిక్కు పాదంలో లేదు, పైన ఉందని తేల్చడానికి. నరం మొదలు నలిగితే నొప్పి ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు తిరుగుతుంది, దగ్గితే ఎక్కువవుతుంది. చేతివేళ్ల మధ్య కండ కరిగిపోయి, అదే మనిషికి కాళ్లు బిగుసుకుని ఉంటే మెడ దగ్గర చూడమని అర్థం. గీత ఎక్కడుందో అక్కడికి కన్ను వెళ్తుంది. అక్కడ ఎముక పెరిగి ఉందో లేదో బొమ్మ చెబుతుంది.

ఈ లెక్కను తెలుగునేల మీద దశాబ్దాలపాటు సాగించినవాడు హైదరాబాదు న్యూరోసర్జన్, అక్కడి నిమ్స్ ఆసుపత్రికి డైరెక్టరుగా పనిచేసిన డాక్టర్ డి. రాజారెడ్డి. 1979లో ప్రపంచ న్యూరాలజీ విజ్ఞానసర్వస్వంలో ఫ్లోరోసిస్ అధ్యాయం రాసింది ఆయనే. మూడు దశాబ్దాల తర్వాత, 2009లో, న్యూరాలజీ ఇండియా పత్రికలో మొత్తాన్ని మళ్లీ తూచాడు. ఆ వ్యాసం మొదటి రిపోర్టును గౌరవంగా తలుచుకుంటుంది. ఎముకలూ నరాలూ ఇలా దెబ్బతినడాన్ని తొలిసారి 1937లో గుర్తించింది ఒంగోలు కేంద్రంగా ఉన్న ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే అంటుంది. తర్వాత తీర్పు చెబుతుంది. ఈ రోగంలో నరాల బాధ యాంత్రికమైనది, అంటే నొక్కుడు వల్ల వచ్చింది. ఫ్లోరైడ్ నేరుగా నరాన్ని విషపూరితం చేస్తుందనడానికి అప్పటివరకు ఆధారం దొరకలేదు.

ఆ వాక్యంలో “అప్పటివరకు” అన్న జాగ్రత్త చూశారా! తెలిసినంతకే పూచీపడి, రేపటి సాక్ష్యానికి తలుపు తీసి ఉంచాడు. సర్జన్ అయి ఉండి ఆపరేషన్ గురించి రాసిన మాట మరీ గొప్పది. ఆపరేషన్ ఉపయోగం పరిమితమే, ఎవరికి ఎక్కడ చేయాలో స్కాన్ చూసి మనిషి మనిషికీ విడిగా తేల్చుకోవాలి, లక్ష్యం మాత్రం రోగం రాకుండా చూడటమే అన్నాడు. నరం ఎముక వల్ల నలుగుతోందని నిరూపించినవాడు ఎముక తీసేస్తే సరి అనడం తేలిక. కానీ ఫ్లోరోసిస్ ఎముక ఒక్కచోట పెరగదు, వెన్ను పొడవునా పెరుగుతుంది. దంతంలా గట్టిగా ఉన్నదాన్ని, అప్పటికే నలిగి ఉన్న వెన్నుపాము మీద చెక్కాలి. చెయ్యగలిగీ చెయ్యకుండా ఆగడం కూడా పనితనమే.

ఈ రాజారెడ్డికి ఇంకో వ్యాపకం ఉంది. ఆయన ప్రాచీన నాణేల పరిశోధకుడు. అరిగిపోయిన లోహపు బిళ్ల మీద మిగిలిన గీతల్ని బట్టి రాజ్యాన్ని పోల్చుకునే చూపుకూ, ఎక్స్‌రే మీది గీతల్ని బట్టి బావిని పోల్చుకునే చూపుకూ చుట్టరికం లేదనలేం.

బొమ్మ చదివే విద్య సంగతి వచ్చింది కాబట్టి డెల్టా బిడ్డనొకరిని తలుచుకోవాలి. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు విశాఖలో వైద్యం చదివి, అమెరికాలో రేడియాలజిస్టుగా పేరు తెచ్చుకుని, తిరిగొచ్చి నిమ్స్‌కు సారథ్యం వహించాడు. ఆయన ప్రత్యేకత ఎముకల ఎక్స్‌రేలే. కాలవ గట్టున పుట్టినవాడు ఎముక నీడల్ని చదవడం నేర్పాడు. 2021లో కన్నుమూసేనాటికి ఆయన దగ్గర చూపు దిద్దుకున్నవాళ్లు ఎందరో.

నీళ్ల కథ కాలవ రావడంతో ముగియలేదు. నాగార్జునసాగర్ నిండాక మెట్టకు నీళ్లొచ్చాయి. కొన్నాళ్లకు అదే ప్రాంతపు ఫ్లోరైడ్ ఊళ్లలో కుర్రవాళ్లకు మోకాళ్లు లోపలికి ఒరుసుకుని, పాదాలు ఎడంగా పడే వింత వంకర కనిపించింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో దీన్ని ప్రకటించారు. పాత రోగంలో ఎముక గట్టిపడితే, ఇక్కడ కాళ్ల ఎముకలు గుల్లబారాయి. భూగర్భజలం పైకొచ్చి నేల స్వభావం మారిందనీ, అక్కడి జొన్నలో మాలిబ్డినం పెరిగి ఒంట్లో రాగికి కొరత తెచ్చిందనీ ఒక వివరణ ముందుకొచ్చింది. మూడో ప్రశ్నను వదలనివాళ్లకే ఇంత దూరం దారి కనిపిస్తుంది. మోకాలి నుంచి జొన్నరొట్టెకు, రొట్టె నుంచి చేనుకు, చేను నుంచి ఆనకట్టకు.

ఇప్పుడు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు చేసే పరీక్షలు మూడు. నేల మీద ఒక నాణెం పెట్టి, మోకాళ్లు ముడవకుండా వంగి తియ్యమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ తల వెనక్కి చేర్చమంటారు. రూపాయి ఖర్చుతో నడుమునూ, మెడనూ, భుజాలనూ చదివేస్తారు. ఫ్లోరోసిస్ నివారణకు జాతీయ కార్యక్రమం 2008-09లో మొదలైనప్పుడు తొలి విడతగా ఎంచుకున్న జిల్లాల్లో నెల్లూరు ఒకటి. పటికతో, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ప్రపంచమంతా నల్లగొండ పేరుతోనే చెలామణి అవుతోంది. రోగాన్ని ముందు చూసిన నేల పేర్లు అలా విరుగుడులోనూ నిలిచాయి.

విజయవాడ ఆసుపత్రుల్లో ఇప్పుడు ఎంఆర్ఐ ఉంది, సీటీ ఉంది. మెత్తని వెన్నుపాము ఎంత నలిగిందో ఒకటి చూపిస్తే, నలిపిన ఎముకను మరొకటి చూపిస్తుంది. అయినా మెట్ట నుంచి బస్సెక్కి వచ్చిన నడివయసు మనిషి కాళ్లు బిగుసుకుపోతున్నాయని చెప్పినప్పుడు, తెలిసిన డాక్టరు స్కాన్ రాసేముందు పెదవి ఎత్తి పళ్లు చూస్తాడు. గార కనిపిస్తే అడుగుతాడు: “మీదే ఊరు? చిన్నప్పుడు ఏ నీళ్లు తాగేవారు?”

ఆ మోతాదులో ఫ్లోరైడ్‌కు రుచి ఉండదు, రంగూ వాసనా ఉండవు. అందుకే రోగి చెప్పే జవాబు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. “మా ఊరి మంచినీళ్ల బావి నీళ్లేనండీ.”